గేర్ల సంఖ్య కాదు, కొలతలు రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో మౌంటెన్ సైకిళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ "21 గేర్లు, డ్యూయల్ డిస్క్ బ్రేకులు, ఫ్రంట్ సస్పెన్షన్ ఉంటే చాలు, ఏ కొండ బాటైనా తొక్కేయొచ్చు" అన్న వాక్యం దగ్గర నాకు నవ్వొచ్చింది. నేను మొదట తొక్కిన బండికి ఆ మూడూ ఉన్నాయి. కొండవీడు కొండ దగ్గర దాన్ని తొక్కిన దూరం కంటే నెట్టుకుంటూ నడిచిన దూరమే ఎక్కువ.

నాకు 46 ఏళ్లు. గుంటూరులో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 58 కిలోలు. ఇవన్నీ పేపరువాళ్లకెందుకు అనుకోకండి, నా డబ్బు పోయింది ఈ రెండు అంకెల దగ్గరే.

ఆ బండి మా అబ్బాయిది. 2020లో లాక్‌డౌన్ సడలించాక సరదాపడి కొనుక్కున్నాడు. ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తూ బాల్కనీలో వదిలేశాడు. మా ఆయన దాని మీద తువ్వాళ్లు ఆరేసుకునేవారు. షుగరు అంచులో ఉందని డాక్టరుగారు చెప్పిన రోజు నేను తువ్వాలు తీసి పక్కన పెట్టి బండిని కిందికి దించాను. మొదట స్కూలుకి, తర్వాత పేరేచర్ల వైపు డొంకల్లోకి, ఆ తర్వాత ఆదివారాలు తెల్లవారుజామునే కారు వెనక కట్టుకుని ఫిరంగిపురం మీదుగా కొండవీడు దాకా. అక్కడ గొర్రెల కాపరులు నడిచే బాటలున్నాయి. ఎర్రమట్టి, గులకరాళ్లు, మధ్యలో సీతాఫలం చెట్లు. ఒకసారి అలవాటైతే మానలేం.

మా వాడు 5 అడుగుల 10 అంగుళాలు. వాడి బండి ఫ్రేము 19 అంగుళాలది. సీటు దించుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను. సీటు దిగింది గానీ హ్యాండిలు నా దగ్గరికి రాలేదు. గంట తొక్కితే మణికట్లు, భుజాలు, నడుము వరసగా పలికేవి. ఫ్రేము పెద్దదని తెలుసుకోవాల్సింది పోయి, సామాన్లు మార్చడం మొదలుపెట్టాను. హ్యాండిలు దగ్గరికి రావాలని పొట్టి స్టెమ్ము (హ్యాండిలును బండికి పట్టి ఉంచే ముక్క), కొత్త సీటు, సీటు కింద గొట్టం, వెనక పళ్ల చక్రాల గుత్తి అరిగిపోయిందని కొత్త ఫ్రీవీలు. పదకొండు వేలయ్యాయి. బండి మాత్రం మా వాడిదిగానే ఉండిపోయింది. దేన్నయినా మార్చొచ్చు గానీ ఫ్రేము సైజు మార్చలేమన్న చిన్న విషయం నాకు పదకొండు వేలకు తెలిసింది.

అక్కడితో ఆగలేదు. ఆ బండికి ముందు చక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకునే ఫోర్కు స్ప్రింగుది. మా వాడి బరువుకు తగ్గట్టున్న స్ప్రింగు నా బరువుకు కదలనే కదలదు. పేరుకే సస్పెన్షన్, రాయి ఎక్కినా గుంటలో పడినా దెబ్బ నేరుగా చేతులకే. గాలితో పనిచేసే ఫోర్కయితే ఎవరి బరువుకు తగ్గట్టు వాళ్లు గాలి నింపుకోవచ్చని చదివి ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. ప్రకటనలో "27.5 అంగుళాల చక్రానికి, 120 మి.మీ. ట్రావెల్" అని రాశారు. ట్రావెల్ అంటే ఫోర్కు లోపలికి దిగే దూరం. నా చక్రమూ 27.5. ఇంకేం కావాలి?

పాతగుంటూరులో నా బండి చూసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై ఏళ్లుగా సైకిళ్లకు పంక్చర్లు, బెండ్లు, ఓవరాయిలింగులు చేస్తున్న మనిషి. పెట్టె విప్పి ఫోర్కు మెడ పట్టుకుని చూసి, బండి వైపు చూసి, "ఇది ఎక్కదు టీచరమ్మా" అన్నారు. హ్యాండిలు కింద ఫోర్కు దూరే గొట్టాన్ని హెడ్ ట్యూబు అంటారు. పాత పద్ధతి ఫోర్కుల మెడ పైనుంచి కింది దాకా ఒకే లావు, 28.6 మి.మీ. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల్లో చాలావాటి మెడ పైన 28.6, కింద ఒకటిన్నర అంగుళం, అంటే 38 మి.మీ. చిల్లర. దీన్ని టేపర్డ్ అంటారు. సన్న మెడ ఫోర్కును లావు గొట్టంలోకి ఒక రింగు వేసి సర్దొచ్చు. లావు మెడను సన్న గొట్టంలోకి దూర్చడం ఎవరి తరమూ కాదు. అమ్మినవాళ్లను అడిగితే పెట్టె విప్పారు కాబట్టి వెనక్కి తీసుకునేది లేదన్నారు. ప్రకటనలో మెడ కొలత ఎందుకు రాయలేదన్న ప్రశ్నకు జవాబు లేదు.

ఆ ఫోర్కు నాలుగు నెలలు మా బీరువా పక్కన చీరల అట్టపెట్టెలతో పాటు నిలబడింది. చివరికి దానికి సరిపడే బండినే కొన్నాను. "నాడా దొరికిందని గుర్రం కొన్నట్టుంది" అన్నారు మా ఆయన. అననివ్వండి. ఈసారి మాత్రం కొలతలు కాగితం మీద రాసుకుని, చేతిలో టేపు పట్టుకుని వెళ్లాను.

విజయవాడలో ఒక షాపులో కుర్రాణ్ని "దీని వెనక ఉన్నది కేసెట్టా, ఫ్రీవీలా బాబూ?" అని అడిగితే, "16 గేర్లు మేడమ్" అన్నాడు. వాడి తప్పేం లేదు, అతికించిన స్టిక్కరు మీద ఉన్నది అదే. రెండూ వెనక పళ్ల చక్రాల గుత్తులే, చక్రానికి బిగించే తీరే వేరు. తేడా నేనే చూసుకున్నాను. ఎవరైనా చూసుకోవచ్చు. వెనక చక్రాన్ని కాస్త పైకెత్తి పళ్ల చక్రాలను వెనక్కి తిప్పండి. మధ్యలో, ఇరుసు చుట్టూ, రెంచి పట్టే గాట్లు కనిపిస్తాయి. పళ్లతో పాటు ఆ గాట్లు కూడా తిరిగితే అది కేసెట్టు. పళ్లు తిరుగుతూ గాట్లు కదలకుండా ఉంటే అది మరతో బిగించే ఫ్రీవీలు. ఫ్రీవీలు ఉన్న హబ్బులో (చక్రం నడిమి భాగంలో) బేరింగు లోపలికి ఉండిపోతుంది, ఇరుసుకు గేర్ల వైపు చివర దన్ను ఉండదు. రాళ్లలో దూకిస్తే వంగేది, విరిగేది అక్కడే. పైగా దాని మీదికి ఇప్పటి పెద్ద కేసెట్లేవీ ఎక్కవు. చవక బండిని తర్వాత నెమ్మదిగా బాగుచేసుకుందాం అనుకునేవాళ్లు ఈ ఒక్కటి చూడకపోతే వెనక చక్రం మొత్తం మార్చాల్సిందే.

ఇక 21 గేర్ల సంగతి. స్కూల్లో లెక్కల మాస్టారు లేని రోజు ఎనిమిదో తరగతికి ఇదే లెక్క వేయించాను. మా వాడి బండికి ముందు మూడు పళ్ల చక్రాలు, 42, 34, 24. వెనక ఏడు, 14 నుంచి 28 దాకా. ఎత్తు ఎక్కడానికి అన్నిటికంటే తేలికైన గేరు ముందు 24, వెనక 28. అంటే ఫెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. నా ఇప్పటి బండికి ముందు ఒక్కటే, 32 పళ్లు. వెనక తొమ్మిది, 11 నుంచి 46 దాకా. తేలిక గేరులో చక్రం 0.70 చుట్టే తిరుగుతుంది. చదును రోడ్డు మీద, అన్నిటికంటే బరువైన గేరులో, మా వాడి బండి 3 చుట్లు తిరిగే చోట నాది 2.9 తిరుగుతుంది. అంటే 21లో నుంచి 12 గేర్లు పోయినా పోయింది ఆ కాస్తే, ఎక్కడానికి మాత్రం తేలికైంది. రాయలు 1515లో గెలిచిన కోట ఉన్న కొండ నాకు ఎందుకు లొంగలేదో పిల్లలకి అప్పుడు అర్థమైంది. ఒక పిల్ల లేచి "మరి 21 అని ఎందుకు రాస్తారు టీచర్?" అంది. మీరే చెప్పాలి.

ఈ మార్పు నేను సైకిలు సామాన్లు చేసే షిమానో వాళ్లు 2023లో తెచ్చిన క్యూస్ 9 స్పీడు గేర్లతో చేయించుకున్నాను. షిఫ్టరు (గేరు మార్చే మీట), డిరెయిలరు (చైనును పళ్ల మీద జరిపేది), కేసెట్టు, చైను ఒకే కుటుంబానివి కావాలి. పాత షిఫ్టరు ఉంచి మిగతావి మారిస్తే, తీగను లాగే కొలత కలవక గేర్లు నిలవవు. ఇంకో సంగతి, వాళ్లదే 12 స్పీడుల డియోర్ బాగుంటుందని ఆశపడితే దాని 10-51 కేసెట్టుకు మైక్రోస్ప్లైన్ అనే వేరే రకం హబ్బు కావాలి. క్యూస్‌కు మామూలు కేసెట్టు హబ్బు చాలు. ముందు పళ్ల చక్రాలు రివెట్లు కొట్టినవా, బోల్టులు వేసినవా అన్నది కూడా కొనేటప్పుడే చూడండి. రివెట్లయితే 32 పళ్లది వేసుకోవాలన్నా కుదరదు, క్రాంకు (ఫెడలు బిగించే కాడ) మొత్తం మార్చాలి.

ఇంత రాశాక కూడా నేను మొదట డబ్బు పెట్టమనేది గేర్ల మీద కాదు, టైర్ల మీద. మన నేల మీద తొక్కేవాళ్లకు అది తప్పదు.

పల్లేరు కాయ తెలియని గుంటూరు మనిషి ఉండడు. శాస్త్రీయంగా ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్. కాయ ఎండాక ఐదు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి గట్టి ముళ్లు. ఎలా పడేసినా ఒక ముల్లు ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. పాఠంలో విత్తన వ్యాప్తికి ఇదే ఉదాహరణ చెబుతాను. ఆ వ్యాప్తిలో నా టైరు కూడా పాలుపంచుకుంటుందని అప్పట్లో తెలియదు. దానికి తోడు సర్కారు తుమ్మ. దాని ముల్లు టైరునీ ట్యూబునీ కలిపి కుడుతుంది. ఒక ఆదివారం నాలుగు పంక్చర్లు. మూడో దానికి ప్యాచీలు అయిపోయాయి, నాలుగో దానికి ఓపిక అయిపోయింది. మా ఆయన కారు తెచ్చేదాకా రోడ్డు పక్కన కూర్చున్నాను.

దీనికి మందు ట్యూబ్‌లెస్. స్కూటర్లకు వచ్చిందే గానీ పద్ధతి వేరు. రిమ్ము ట్యూబ్‌లెస్‌కు తగినదై ఉండాలి, రిమ్ము లోపల గాలి పోకుండా టేపు చుట్టి, వేరే వాల్వు పెట్టి, టైరులో పాలలాంటి సీలెంటు పోస్తారు. ముల్లు దిగిన చోట అది బయటికొచ్చి గడ్డకట్టుకుంటుంది. నేను ఒక్కో టైరులో 100 మి.లీ. పోస్తాను. మన ఎండలకు అది తొందరగా ఎండిపోతుంది. రోహిణి కార్తె ముందు ఒకసారి, ఆ తర్వాత రెండు నెలలకోసారి వాల్వు విప్పి ఇంకాస్త పోస్తే చాలు. పాత రిమ్ము అయితే బలవంతంగా ట్యూబ్‌లెస్ చేయించకండి, మలుపులో టైరు ఊడొస్తుంది. వాల్వు పిన్ను విప్పడానికి వీలున్న ట్యూబు తెచ్చుకుని అందులోనే సీలెంటు పోయండి, పల్లేరుకి అది చాలు. తుమ్మకి మాత్రం హామీ లేదు.

ట్యూబ్‌లెస్‌తో ఇంకో లాభం గాలి తగ్గించి తొక్కొచ్చు. ట్యూబుతో 38 పీఎస్ఐ పెట్టేదాన్ని, లేకపోతే రాయి తగిలి ట్యూబు నలిగి రెండు చిల్లులు పడేవి. ఇప్పుడు ముందు 22, వెనక 25. రాళ్ల మీద బండి ఎగరడం మానేసి అంటుకుని పోతోంది. ఇవి నా 58 కిలోల లెక్కలు, 80 కిలోల మనిషి ఇంకా ఎక్కువ పెట్టుకోవాలి.

వెడల్పు మీద కూడా ఒక మాట. ఎంత వెడల్పుంటే అంత మంచిదని 2.4 అంగుళాల టైర్లు చెబుతారు. కొండవీడు ఎర్రమట్టికి నిజమే. మరి తొలకరిలో పేరేచర్ల పక్క నల్లరేగడిలోకి దిగారా? రేగడి టైరుకి పట్టి, దాని మీద ఇంకో పొర పట్టి, చివరికి ఫ్రేముకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం ఆగిపోతుంది. పుల్లతో గీకుతూ అరకిలోమీటరు నడిచాను. అందుకే వెనక 2.25కే ఉండిపోయాను, ముందు మాత్రం పట్టు కోసం 2.35.

టైర్ల తర్వాత బ్రేకులు. "డ్యూయల్ డిస్క్" అన్న మాటలో మోసం ఏంటంటే, డిస్కు తీగతో లాగేదా నూనెతో నొక్కేదా అన్నది అందులో ఉండదు. మా వాడి బండికి తీగ డిస్కులు. కొండవీడు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు సగం దారిలోనే నా వేళ్లు తిమ్మిరెక్కేవి. ఆడవాళ్ల చేతులకు, పిల్లల చేతులకు హైడ్రాలిక్ బ్రేకులు విలాసం కాదు. షిమానో ఎంటీ200 అని హైడ్రాలిక్‌లో చవకైనవి వేయించాను. లివరును స్క్రూతో హ్యాండిలు దగ్గరికి జరుపుకోవచ్చు, ఒక్క వేలితో బండి ఆగుతుంది. ముందు డిస్కు 160 నుంచి 180 మి.మీ.కి మార్చాను, అడాప్టరు మాత్రమే అదనం. ఫోర్కు 180 డిస్కును ఒప్పుకుంటుందో లేదో చూసుకోవాలి. డిస్కు మీద "రెసిన్ ప్యాడ్ ఓన్లీ" అని చెక్కి ఉంటే లోహపు ప్యాడ్లు వేయొద్దు, డిస్కు తొందరగా అరిగిపోతుంది.

ఇక్కడ భాయ్‌తో నాకు చిన్న గొడవ జరిగింది. లివరు మెత్తబడిందని చెబితే మోటారు సైకిలుకి పోసే బ్రేక్ ఆయిల్ డబ్బా తీశారు. "ఆగండి భాయ్, దీనికి మినరల్ ఆయిలే పోయాలి" అన్నాను. "బ్రేకు బ్రేకే కదమ్మా" అన్నారు. కాదు. మోటారు సైకిలుకి పోసేది డాట్ ద్రవం. షిమానో బ్రేకుల్లో పోస్తే లోపల రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. డాట్ అడిగే బ్రేకుల్లో మినరల్ ఆయిల్ పోసినా అంతే. లివరు మూత మీద ఏది పోయాలో రాసి ఉంటుంది. భాయ్ కళ్లజోడు పెట్టుకుని చదివి, డబ్బా మూసేసి, టీ చెప్పారు. ఇప్పుడు ఆయన షాపులో మినరల్ ఆయిల్ సీసా ఒకటి విడిగా ఉంది.

బీరువా పక్కన నిలబడ్డ ఫోర్కు సంగతి చెప్పాలి కదా. కొత్త బండికి ఎక్కింది. ఆ బండితో వచ్చింది 100 మి.మీ. ఫోర్కు, నాది 120. 20 మి.మీ. పెరిగితే ముందు భాగం లేచి హ్యాండిలు కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది. దిగేటప్పుడు అది ధైర్యాన్నిస్తుంది, నిట్టనిలువు ఎక్కేటప్పుడు ముందు చక్రం కాస్త తేలుతుంది. ఫ్రేము 120 దాకా ఒప్పుకుంటుందని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది కాబట్టే వేయించాను. లేకపోతే వారంటీ పోవడమే కాదు, గొట్టం అతుకు దగ్గర విరిగే ప్రమాదం ఉంది. దానికి గాలి పెట్రోలు బంకులో కొట్టించకూడదు. షాక్ పంపు అని చిన్నది విడిగా దొరుకుతుంది. బండి ఎక్కి నిలబడితే ఫోర్కు కాలి మీది రబ్బరు రింగు 120లో 30 మి.మీ. దాకా జరిగేట్టు గాలి పెట్టుకున్నాను. నా చేతులకు సుఖం తెలిసింది ఆ రోజే.

మిగతావి చిన్నవే. పొట్టి స్టెమ్ము, పిన్నులున్న వెడల్పు ఫెడళ్లు పాత బండి నుంచి కొత్తదానికి వచ్చాయి. ఫ్రీవీలు రాలేదు. సీటు గొట్టం రాలేదు, పాతది 27.2 మి.మీ., కొత్త బండికి 30.9 కావాలి. మీట నొక్కితే సీటు దిగే డ్రాపర్ పోస్టు కొనమని మా వాడు ఫోన్లో పోరుతున్నాడు. మంచిదే. కానీ బండి ఆపి క్లాంపు విప్పి సీటు దించుకోవడానికి నాకు అర నిమిషం పడుతుంది, ఆ అర నిమిషం ఊపిరి తీసుకోవడానికీ పనికొస్తుంది.

చైను అరుగుదల చూడటానికి పరికరాలు అమ్ముతారు. నా దగ్గర స్కూలు స్టీలు స్కేలుంది. చైను లింకు సరిగ్గా అర అంగుళం. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెడితే 24 లింకుల తర్వాతి పిన్ను 12 అంగుళాల గీత మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైను మార్చేయాలి. ఇంకా సాగదీస్తే కేసెట్టు పళ్లు కూడా దాంతో పాటు అరుగుతాయి, అప్పుడు చైనుకు పోయేది కేసెట్టుకు పోతుంది.

ఈ సైకిళ్లు పుట్టిందే సామాన్లు మార్చుకోవడంలో. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లకు మోటారు సైకిలు బ్రేకు లివర్లు, గేర్లు తగిలించి కొండ దిగేవాళ్లు. 1976లో మొదలైన వాళ్ల పందెం పేరు రీప్యాక్. ఒక్కసారి దిగితే వెనక హబ్బు బ్రేకులో గ్రీజు కాలి పొగైపోయేది, మళ్లీ గ్రీజు కూరుకోవాలి కాబట్టి ఆ పేరు. ఈ కథ చెబితే భాయ్ "అంటే మనం చేసే ఓవరాయిలింగే కదమ్మా" అని తెగ సంబరపడ్డారు.

సంపాదకులకు నా మనవి ఒకటే. ఇకమీదట ఏ సైకిలు గురించి రాసినా ధరతో పాటు ఫ్రేము సైజు ఏ ఎత్తువాళ్లకో, హెడ్ ట్యూబు ఒకే లావుదా టేపర్డా, వెనక కేసెట్టా ఫ్రీవీలా, వెనక ఇరుసు కొలతెంత, డిస్కు తీగదా నూనెదా, రిమ్ము ట్యూబ్‌లెస్‌కు తగినదా, ఇవి కూడా వేయండి. గేర్ల సంఖ్య వేయకపోయినా నష్టం లేదు. ఇరుసు ఎందుకంటే, నాది 135 మి.మీ. పాత క్విక్ రిలీజు (మీటతో బిగించే సన్న ఇరుసు), మంచి చక్రాలు ఇప్పుడు ఎక్కువగా 148 త్రూ యాక్సిల్‌కే (హబ్బులోంచి దూర్చి బిగించే లావు ఇరుసుకే) వస్తున్నాయి. ఈ ఒక్క కొలత నేను కూడా కాగితం మీద రాసుకోలేదు.

ఇట్లు,
ఒక టీచరు,
బ్రాడీపేట, గుంటూరు

తా.క.: ఈ ఉత్తరం రాస్తుండగా మా అబ్బాయి ఫోన్ చేశాడు. బెంగళూరులో కొండలెక్కే బృందం ఒకటి దొరికిందట, తన బండి పంపించమన్నాడు. "అమ్మా, నీ ఫోర్కు కూడా దానికి వేయించి పంపు" అన్నాడు. నీ బండికి అది ఎక్కదురా అని చెప్పాను.